స్టెప్నీ మీద నడిచే బండి

2009 మార్చి 28, శనివారం. ముందు రోజే ఉగాది. ఇక్కడ న్యూ జెర్సీలో మా తెలుగు సంఘం వాళ్ళు అలవాటు ప్రకారం పండగని శనివారానికి మార్చారు. పచ్చడి, పులిహోర బాధ్యత వేరేవాళ్ళది, మైకులూ స్పీకర్లూ నావి. ఉదయం 9 గంటలకి వైర్లు చుట్టి కారులో పెడుతుంటే ఫోను మోగింది. హైదరాబాదు నుంచి. అక్కడ సాయంత్రం ఆరున్నర. మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు.

"అన్నా, క్లయింటు స్టోరేజిలో ఒక రెయిడ్ గ్రూపు డిగ్రేడెడ్ అని చూపిస్తోంది."

"అప్లికేషన్ వాళ్ళెవరైనా ఫోన్ చేశారా?"

"లేదన్నా. అన్నీ నడుస్తున్నాయి."

"నడుస్తోంది కదా. సోమవారం చూద్దాం. టిక్కెట్టు తెరిచి ఉంచు."

ఆ మాట అన్నది నేనే. అప్పటికి ఈ పనిలో నాకు తొమ్మిదేళ్ళ అనుభవం. డిగ్రేడెడ్ అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పగలననుకునేవాణ్ణి. ఆ కుర్రాడు ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట కూడా అన్నాడు. అదేమిటో చివర్లో చెబుతాను. ముందు, ఆ ఒక్క పదం వెనక ఏముందో చూద్దాం. మనలో చాలామంది స్టోరేజి మీద నేరుగా పని చెయ్యం. కానీ మనం రాసే ప్రతి ప్రోగ్రామూ, నడిపే ప్రతి డేటాబేసూ చివరికి ఎక్కడో కొన్ని డిస్కుల మీదే కూర్చుని ఉంటుంది. వాటి గురించి వచ్చే ఈమెయిలులో ఒక మాటని సరిగ్గా చదవడం వస్తే చాలు, కొన్ని నిద్ర లేని రాత్రులు తప్పుతాయి.

అదనపు వాటా ఎక్కడుంటుంది?

1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. రెయిడ్ అనే పేరు అందులోంచే వచ్చింది. పెద్ద ఖరీదైన డిస్కు ఒకటి కొనే బదులు చవక డిస్కులు చాలా కలిపి వాడుకోవచ్చు కదా అన్నది వాళ్ళ ఆలోచన. అయితే డిస్కుల సంఖ్య పెరిగినకొద్దీ వాటిలో ఏదో ఒకటి చెడిపోయే అవకాశం కూడా పెరుగుతుంది. అందుకని, ఒకటి పోయినా డేటా పోకుండా ఉండాలంటే కాస్త అదనపు సమాచారం దాచుకోవాలి. ఆ అదనపు వాటానే రిడండెన్సీ అంటారు.

ఇది ఎలా పని చేస్తుందో చిన్న లెక్కతో చెప్పుకోవచ్చు. మూడు డిస్కుల్లో 5, 8, 3 అనే అంకెలు ఉన్నాయనుకోండి. నాలుగో డిస్కులో వాటి మొత్తం 16 రాసుకున్నాం. రెండో డిస్కు కాలిపోయింది. కంగారు లేదు, 16 లోంచి 5, 3 తీసేస్తే 8 దొరుకుతుంది. నిజానికి కంట్రోలర్ కూడికలు చెయ్యదు, బిట్ల మీద ఎక్స్ఆర్ అనే లెక్క చేస్తుంది. కానీ సూత్రం ఇదే. ఆ 16ని పారిటీ అంటారు. రెయిడ్ 5లో ఈ పారిటీ ఒకే డిస్కులో కూర్చోకుండా అన్ని డిస్కుల్లోనూ వంతులవారీగా సర్దుకుని ఉంటుంది. రెయిడ్ 6లో ఇలాంటి లెక్కలు రెండు ఉంటాయి కాబట్టి రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది. రెయిడ్ 1లో లెక్కలేమీ లేవు, ప్రతి డిస్కుకీ ఒక నకలు ఉంటుంది.

ఇప్పుడు ఆ లెక్కలో ఒక సంగతి గమనించండి. రెండో డిస్కు పోయాక 8 కావాలంటే మిగిలిన మూడు అంకెలూ, ఏ ఒక్కటీ తప్పకుండా, చదవగలగాలి. 5 కనబడకపోయినా, 3 చెరిగిపోయినా, 8 ఇక దొరకదు. ఈ వ్యాసంలో మిగతాదంతా ఈ ఒక్క వాక్యానికి వివరణే.

బండి నడుస్తోందా అన్నది ఒక్కటే ప్రశ్న కాదు

హైదరాబాదు నుంచి విజయవాడ కారులో వెళ్తున్నారనుకోండి. చౌటుప్పల్ దగ్గర టైరు పంక్చరైంది. దిగి, స్టెప్నీ వేసుకుని బయల్దేరారు. కారు ఇంతకుముందు లాగే పరిగెడుతోంది. పాటలు వస్తున్నాయి, ఏసీ చల్లగా ఉంది. వెనక సీట్లో నిద్రపోతున్నవాళ్ళకి పంక్చరైన సంగతి కూడా తెలియదు. కానీ డ్రైవరుకి తెలుసు. అతను సూర్యాపేట దాకా ఆగడు, దారిలో మొదట కనబడ్డ పంక్చరు షాపు దగ్గర ఆపుతాడు. ఎందుకంటే, ఇంకో మేకు గుచ్చుకుంటే రోడ్డు మీద నిలబడిపోవడమే.

డిగ్రేడెడ్ అంటే అదీ. స్టెప్నీ ఇప్పటికే బండి కింద ఉంది.

మనకి అలవాటైన ప్రశ్న, డేటా అందుతోందా లేదా అన్నది. డిగ్రేడెడ్ స్థితిలో దానికి జవాబు "అందుతోంది" అనే వస్తుంది. పోయిన డిస్కులో ఉన్నది కావాల్సి వచ్చినప్పుడల్లా మిగతావాటినన్నిటినీ చదివి లెక్క కట్టాలి కాబట్టి కొంచెం నెమ్మదిస్తుందేమో, అంతే. అడగవలసిన రెండో ప్రశ్న వేరే ఉంది: ఈ క్షణాన ఇంకెన్ని డిస్కులు పోతే తట్టుకుంటుంది? ఆ జవాబు ఒక అంకె. రెయిడ్ స్థితులన్నిటినీ ఈ అంకెతో చదవడం అలవాటు చేసుకుంటే ఇక పేర్ల గొడవ ఉండదు.

రెయిడ్ 5 గ్రూపు ఒకటి తీసుకుందాం.

ఆప్టిమల్: అన్నీ బాగున్నాయి. అంకె 1.

డిగ్రేడెడ్: ఒక డిస్కు పోయింది. డేటా అందుతోంది. అంకె 0.

రీబిల్డింగ్: కొత్త డిస్కు వచ్చింది, దాని మీద పోయిన డేటాని లెక్కకట్టి రాస్తున్నారు. ఇక్కడే అందరం బోల్తా పడతాం. తెర మీద 40 శాతం, 70 శాతం అని కనబడుతుంటే ప్రమాదం కూడా అంత శాతం తగ్గిందనిపిస్తుంది. లేదు. 99 శాతం పూర్తయినా అంకె 0 గానే ఉంటుంది, 100 అయ్యాకే 1 అవుతుంది. పైగా మిగతా డిస్కులన్నీ మామూలుకన్నా ఎక్కువ శ్రమపడుతున్న సమయం ఇదే.

ఫెయిల్డ్ లేదా ఆఫ్‌లైన్: రెండోది కూడా పోయింది. ఇక అంకెతో పని లేదు. బ్యాకప్ ఎక్కడుందో వెతుక్కోవడమే.

వీటి మధ్యలో హాట్ స్పేర్ అని ఒకటి వస్తుంది. ఏ పనీ లేకుండా పెట్టెలో ఊరికే తిరుగుతూ, ఎవరైనా పోతే వెంటనే ఆ స్థానంలోకి వెళ్ళే డిస్కు. పంక్చరు వేసేవాణ్ణి కూడా బండిలోనే కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళడం లాంటిది. స్పేర్ ఉన్నంత మాత్రాన అంకె పెరగదు. అంకె సున్నాలో ఉండే సమయం తగ్గుతుంది. ఈ తేడా ముఖ్యం. స్పేర్ ఖర్చైపోయి, రీబిల్డ్ పూర్తయ్యాక గ్రూపు మళ్ళీ ఆప్టిమల్ అనే చూపిస్తుంది. అందరూ సంతోషిస్తారు. కొత్త స్పేర్ పెట్టాలన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఒకే మాట, వేరువేరు అర్థాలు

ఇంతకీ ఈ పేర్లు అన్నిచోట్లా ఒకలాగే ఉంటాయా అంటే, ఉండవు.

జెడ్ఎఫ్ఎస్‌లో ఆన్‌లైన్, డిగ్రేడెడ్, ఫాల్టెడ్ అంటారు. రీబిల్డ్‌ని రీసిల్వర్ అంటారు, అద్దం వెనక పూత చెరిగిపోతే మళ్ళీ పూయడమన్నమాట. అందులో రెండు డిస్కులు పోయినా తట్టుకునే గ్రూపులో ఒకటి పోయినప్పుడు కనబడే మాట డిగ్రేడెడ్. ఒకటే తట్టుకునే గ్రూపులో ఒకటి పోయినప్పుడు కనబడేదీ డిగ్రేడెడే. మొదటి దానిలో అంకె 1, రెండో దానిలో 0. మాట మాత్రం ఒకటే. మెగారెయిడ్ కంట్రోలర్లు ఈ తేడా చూపిస్తాయి: రెయిడ్ 6లో ఒకటి పోతే పార్షియల్లీ డిగ్రేడెడ్, రెండు పోతే డిగ్రేడెడ్.

లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో అడిగితే "క్లీన్, డిగ్రేడెడ్" అని పక్కపక్కనే రెండు మాటలు చెబుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు క్లీన్ అన్న మాట పట్టుకుని ఊపిరి పీల్చుకుంటారు. అక్కడ క్లీన్ అంటే రాయవలసినవి రాయడం పూర్తయిందని మాత్రమే. డిస్కులన్నీ ఉన్నాయని కాదు.

రెయిడ్ 10లో ఇంకో తిరకాసు. జంటలు జంటలుగా నకళ్ళు ఉంటాయి కాబట్టి, ఒకటి పోయాక రెండోది వేరే జంటలోదైతే ఏమీ కాదు. అదే జంటలోదైతే అంతా పోతుంది. ఎనిమిది డిస్కుల్లో మూడు పోయినా బతకవచ్చు, రెండు పోతేనే మునగవచ్చు. ఇలాంటప్పుడు మంచి అంకెని కాక చెడ్డ అంకెని నమ్ముకోవాలి.

నెట్‌యాప్ వాళ్ళ పాత డేటా ఆన్‌టాప్‌లో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటి ఉండేది. ఇంకో డిస్కు పోతే డేటా పోయే స్థితికి వచ్చి, స్పేర్ కూడా లేకపోతే, 24 గంటలు చూసి యంత్రం తనంతట తనే ఆగిపోయేది. ఆ గడువుని మార్చుకోవచ్చు, కానీ ముందుగా ఉండేది 24 గంటలే. మొదట్లో అది విని ఇదెక్కడి చాదస్తం, నడుస్తున్నదాన్ని ఆపడమేమిటి అనుకున్నాను. మనుషుల్ని బాగా ఎరిగినవాళ్ళు రాసిన ప్రోగ్రాము అని తరవాత అర్థమయింది. నడుస్తున్నంతసేపూ మనం కదలం. అది ఆగితేనే కదులుతాం.

ఒకే వారంలో రెండోది పోతుందా ఏమిటి?

ఇది అందరూ వేసుకునే లెక్క. డిస్కు మీద పది లక్షల గంటలు పని చేస్తుందని రాసి ఉంటుంది. అంటే 114 ఏళ్ళు. అలాంటప్పుడు రెండు రోజుల్లో ఇంకోటి పోవడమేమిటి?

ఈ లెక్కలో రెండు తప్పులున్నాయి.

మొదటిది, ఆ 114 ఏళ్ళ సంగతి. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ కలిసి దాదాపు లక్ష డిస్కుల రికార్డులు తిరగేశారు. పైన చెప్పిన గిబ్సనే, రెయిడ్‌కి పేరు పెట్టిన ముగ్గురిలో ఒకరు. కంపెనీల కాగితాల ప్రకారం ఏడాదికి మార్చవలసిన డిస్కులు 100కి ఒకటి కూడా ఉండకూడదు. వాళ్ళకి కనబడ్డది సాధారణంగా 2 నుంచి 4, కొన్నిచోట్ల 13 వరకూ. అంతకన్నా ముఖ్యం, ఒకటి పోవడానికీ ఇంకోటి పోవడానికీ సంబంధం లేదన్న ఊహ నిలబడలేదు. ఒకటి పోయిన దగ్గర్లోనే ఇంకోటి పోవడం ఎక్కువ. ఆలోచిస్తే ఇందులో వింతేముంది? ఒకే రోజు కొన్నాం, ఒకే కర్మాగారంలో తయారయ్యాయి, ఒకే పెట్టెలో, ఒకే వేడిలో, ఒకే పని చేస్తున్నాయి. కవలపిల్లల్లో ఒకడికి తట్టు పోస్తే రెండోవాడి ఒళ్ళు కూడా చూస్తాం కదా.

దీనికి పరాకాష్ఠ 2019 నవంబరులో బయటపడింది. కొన్ని రకాల ఎస్ఎస్‌డీలు ఫర్మ్‌వేర్ దోషం వల్ల సరిగ్గా 32,768 గంటలు, అంటే 3 ఏళ్ళ 270 రోజుల 8 గంటలు నడిచాక చచ్చిపోతాయని హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ ప్రకటించి, ఫర్మ్‌వేర్ మార్చుకోమంది. 2ని 15 సార్లు హెచ్చిస్తే వచ్చేది 32,768. ఆ సంఖ్య చూడగానే ప్రోగ్రామర్లందరికీ విషయం అర్థమై ఉంటుంది. ఒకే రోజు స్విచ్ వేసిన డిస్కులు ఒకే గంటకి పోతే, రెయిడ్ 5 అయితేనేం, 6 అయితేనేం?

రెండో తప్పు ఇంకా లోతైనది. రెండో డిస్కు పూర్తిగా పోనక్కర్లేదు. దాని మీద ఒక్క చిన్న చోటు చదవడానికి రాకపోతే చాలు. 5, 8, 3 లెక్క గుర్తుందిగా? ఇలాంటి మచ్చలు ఎవరూ ఆ చోటు చదవనంతకాలం బయటపడవు. 2007లోనే అచ్చయిన ఇంకో అధ్యయనంలో 15 లక్షల పైచిలుకు డిస్కుల్ని 32 నెలల పాటు చూస్తే, 3.45 శాతం డిస్కుల్లో ఇలాంటి దాగిన మచ్చలు దొరికాయి. రీబిల్డ్ అంటే మిగిలిన డిస్కులన్నిటినీ మొదటి నుంచి చివరి దాకా చదవడం. ఏళ్ళ తరబడి ఎవరూ తెరవని గదుల తలుపులన్నీ ఒకే రాత్రి తెరిచి చూడటం లాంటిది. అదీ అంకె సున్నాలో ఉన్నప్పుడు.

చవక సాటా డిస్కుల కాగితాల మీద 10ని 14 సార్లు హెచ్చించినన్ని బిట్లు చదివితే ఒకటి చదవడానికి రాకపోవచ్చు అని ఉంటుంది. అది 12.5 టెరాబైట్లు. 1 టెరాబైటు డిస్కులు ఎనిమిది ఉన్న రెయిడ్ 5లో ఒకటి పోతే, మిగిలిన 7 టెరాబైట్లూ చదవాలి. కాగితం మీది అంకెనే నమ్మితే, మధ్యలో ఎక్కడో తగలడానికి 100లో 43 వంతుల అవకాశం ఉంది. ఆ అంకె కంపెనీ ఇచ్చే హద్దు మాత్రమే, చాలా డిస్కులు అంతకన్నా బాగానే ఉంటాయి. అయినా నాణెం ఎగరేసినంత పని అయితే కావచ్చు.

మంచి ఎంటర్‌ప్రైజ్ డిస్కులకి ఆ హద్దు పది రెట్లో అంతకన్నా ఎక్కువో ఉంటుంది. కానీ డిస్కులు కూడా పెరిగాయి. ఈరోజు 20 టెరాబైట్ల డిస్కు మామూలు విషయం. సెకనుకి 200 మెగాబైట్ల చొప్పున ఆగకుండా రాసినా అది నిండటానికి 27 గంటలు దాటుతుంది. పక్కన అసలు పని కూడా నడుస్తుంటుంది కాబట్టి రోజులు పడుతుంది. అన్ని రోజులూ అంకె సున్నా. అందుకే పెద్ద డిస్కులకి రెయిడ్ 5 వద్దనడం, ఒక స్పేర్ డిస్కు బదులు అన్ని డిస్కుల్లోనూ కొంత ఖాళీ ఉంచి అందరూ కలిసి రీబిల్డ్ చేసే పద్ధతులు రావడం.

ఆదివారం జరిగింది

మా క్లయింటుది సరిగ్గా అలాంటి గ్రూపే. 1 టెరాబైటు సాటా డిస్కులు ఎనిమిది, రెయిడ్ 5. స్కాన్ చేసిన కాగితాలు, ఫాక్సులు అందులో ఉండేవి. దానికి ఒక హాట్ స్పేర్ ఉండేది. మూడు వారాల క్రితమే ఒక డిస్కు పోతే ఆ స్పేర్ దాని స్థానంలోకి వెళ్ళింది. కొత్తది పెట్టించవలసింది మేము. పెట్టించలేదు.

శనివారం ఉగాది వేడుక బాగా జరిగింది. ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతుంటే మనసులో ఏదో గుచ్చుకుంది. డేటా సెంటర్ వాళ్ళకి ఫోన్ చేసి కొత్త డిస్కు పెట్టించాను. మధ్యాహ్నం ఒంటి గంటకి రీబిల్డ్ మొదలైంది. సాయంత్రం ఏడు దాటాక, 63 శాతం దగ్గర, ఇంకో డిస్కులో ఒక సెక్టరు చదవడానికి రాలేదు. 512 బైట్లు. కొన్ని కంట్రోలర్లు అలాంటప్పుడు ఆ ముక్క వరకూ వదిలేసి ముందుకు సాగుతాయి. మాది ఆ డిస్కుని కూడా ఫెయిల్డ్ అని ముద్ర వేసి గ్రూపుని ఆఫ్‌లైన్ చేసేసింది. 512 బైట్ల కోసం 7 టెరాబైట్లు.

శుక్రవారం రాత్రి బ్యాకప్ ఉంది. దాన్ని టేపుల మీంచి వెనక్కి తేవడానికి మూడు రాత్రులు పట్టింది. శని, ఆదివారాల్లో చేరినవి మాత్రం పోయాయి. కాగితాలు ఇంకా పెట్టెల్లో ఉన్నవాటిని క్లయింటు మనుషులు కూర్చుని మళ్ళీ స్కాన్ చేశారు. ఫాక్సులో వచ్చినవాటికి కాగితం లేదు. పంపినవాళ్ళకి ఫోన్లు చేసి, మళ్ళీ పంపండి అని బతిమాలుకోవలసి వచ్చింది.

ఆ తరవాత చాలాసార్లు ఆలోచించాను. శనివారమే డిస్కు పెట్టించి ఉంటే? ఆ మచ్చ అప్పటికే అక్కడ ఉండి ఉంటే, రీబిల్డ్ శనివారమే ఆగిపోయి ఉండేది. ఒకరోజు ముందు మునిగేవాళ్ళం, అంతే. కాబట్టి డిస్కు మార్చడంలో ఆలస్యం ఒక్కటే నా తప్పు కాదు. అసలు తప్పులు వేరే ఉన్నాయి. డిస్కులన్నిటినీ నెమ్మదిగా చదువుతూ మచ్చలు వెతికే పాట్రోల్ రీడ్ అనే సదుపాయం ఉంటుంది. అది నడుస్తుంటే పని నెమ్మదిస్తోందని ఆరు నెలల ముందు మేమే ఆపించాం. అది నడిచి ఉంటే ఆ మచ్చని, అంకె 1గా ఉన్నప్పుడే పట్టుకుని, పారిటీ సాయంతో సరిచేసి ఉండేది. ఇక రెండోది, అంకె సున్నా అయ్యాక కూడా 34 గంటల పాటు డేటా అంతా చక్కగా అందుతూనే ఉంది. ఆ రెండు రోజుల కొత్త ఫైళ్ళని వేరేచోటికి నకలు తీసుకోవడం ఒక గంట పని. అది చెయ్యమని నేను చెప్పలేదు.

ఏం చెయ్యాలి?

డిగ్రేడెడ్ అన్న మాట కనబడగానే నేను ఇప్పుడు చేసే పనులు, ఈ వరసలోనే:

1. అంకె ఎంతో తెలుసుకోవడం. రెయిడ్ ఏ రకం, ఎన్ని పోయాయి, ఇంకెన్ని పోవచ్చు, స్పేర్ ఉందా.

2. అంకె సున్నా అయితే, డిస్కు సంగతి తరవాత, ముందు బ్యాకప్. చివరి బ్యాకప్ ఎప్పటిది? తరవాత చేరినవాటిని వెంటనే వేరే పెట్టెలోకి నకలు తీయడం. రీబిల్డ్ మొదలయ్యాక డిస్కుల మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

3. తియ్యవలసిన డిస్కు అదేనని ఖాయం చేసుకోవడం. కంట్రోలర్ నుంచి దాని లైటు వెలిగించి, సీరియల్ నంబరు చూసి, అప్పుడే లాగడం. అంకె సున్నాలో ఉన్నప్పుడు పొరపాటున పక్క డిస్కు లాగితే మనమే రెండో మేకు అవుతాం.

4. రీబిల్డ్ పూర్తయ్యేవరకూ టిక్కెట్టు మూయకపోవడం. పూర్తయ్యాక కూడా, కొత్త స్పేర్ పెట్టేవరకూ మూయకపోవడం.

ఇక మామూలు రోజుల్లో చెయ్యవలసినవి మూడు. పాట్రోల్ రీడ్ గానీ స్క్రబ్ గానీ ఆపకండి. ఆపితే మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారో రాసిపెట్టుకోండి. పెద్ద డిస్కులున్నచోట రెండు పోయినా తట్టుకునే ఏర్పాటు అడగండి. డిస్కు ముందే హెచ్చరిస్తుందిలే అనుకోకండి. 2007లో గూగుల్ వాళ్ళు లక్షకి పైగా డిస్కుల్ని పరిశీలిస్తే, చెడిపోయినవాటిలో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ హెచ్చరికల్లో ఏ ఒక్కటీ ఇవ్వకుండానే పోయాయి.

ఒక్కమాట. రెయిడ్ బ్యాకప్ కాదు. పొరపాటున చెరిపేసిన ఫైలుని రెయిడ్ అన్ని డిస్కుల్లోనూ అంతే శ్రద్ధగా చెరిపేస్తుంది.

ఆ కుర్రాడన్న మాట

ఫోన్ పెట్టేసే ముందు హైదరాబాదు కుర్రాడు అన్నది ఇది: "అన్నా, స్పేర్ కూడా లేదు. ఇంకోటి పోతే డేటా పోతుంది."

"ఒకే వారాంతంలో రెండు పోవులే" అన్నాను.

తరవాతి బుధవారం సమీక్ష పెట్టారు. టిక్కెట్టు మీద ఉన్నది ఆ కుర్రాడి పేరు. శనివారమే చూసి కూడా ఆఫ్‌షోర్ వాళ్ళు ఎందుకు పైకి చెప్పలేదని మేనేజరు అడిగాడు. ఫోనులో అటువైపు నిశ్శబ్దం. ఇటువైపు నేను కూడా మాట్లాడలేదు. అరనిమిషం ఉంటుందేమో. మీటింగు వేరే విషయానికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి టిక్కెట్టు తెరిచి చూశాను. "ఆన్‌సైట్‌కి తెలియజేశాను, సోమవారం చూద్దామన్నారు" అని మాత్రమే రాసి ఉంది. ఎవరికి తెలియజేశాడో రాయలేదు. నా పేరు కావాలనే వదిలేశాడు.

మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్ళి, చెప్పింది అతనే, వినిపించుకోనిది నేనే అని చెప్పాను. అదే మాట అందరికీ ఈమెయిలులో రాశాను. కుర్రాడు ఫోన్ చేసి, "పర్లేదన్నా, ఎందుకలా రాశారు?" అన్నాడు. ఒకరోజు ఆలస్యంగా రాశానని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. సంబంధం చెడలేదు, ఇప్పటికీ మాట్లాడుకుంటాం. కానీ ఆ అరనిమిషం మాత్రం నాకు రీబిల్డ్ కాలేదు.

ఆ నెలలోనే కూర్చుని మా అలర్టు ఈమెయిళ్ళు పంపే స్క్రిప్టు మార్చాను. అంతకుముందు అందులో స్థితి పేరు మాత్రం ఉండేది. ఇప్పుడు మొదటి వరసలో "ఇంకా తట్టుకోగల డిస్కులు: 0" అని వస్తుంది. రెండో వరసలో చివరి బ్యాకప్ తేదీ. స్థితి పేరు మూడో వరసలో. సున్నా చూసి సోమవారం చూద్దామనడం ఎవరికైనా కష్టం, పండగైనా సరే.

మనలో చాలామంది ఇళ్ళల్లో రెండు డిస్కుల చిన్న నాస్ పెట్టె ఒకటి మెట్ల కింద ఎక్కడో ఉంటుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న పాత ఫోటోలు, పిల్లల పుట్టినరోజు వీడియోలు అన్నీ అందులోనే. సినిమాలు ఆడుతున్నాయి కదా అని ఎన్నాళ్ళుగానో దాని మొహం చూసి ఉండరు. ఇది చదవడం అయ్యాక ఒకసారి లేచి వెళ్ళి చూడండి. లైటు ఆకుపచ్చగా ఉందా, నారింజ రంగులో ఉందా?